వారంటీలో ఉన్న కారుకు ఏ ఆయిల్? నా అనుభవం

కారు ఇంకా వారంటీలో ఉండగానే బయటి మెకానిక్ దగ్గర ఇంజిన్ ఆయిల్ మార్పించాను. "చిక్కటి ఆయిలే ఇంజిన్‌కు బలం" అంటూ ఆయన 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిల్ పోశారు. నేనూ నమ్మాను. చలి ఉదయాల్లో ఇంజిన్ బరువుగా తిరిగేది, మైలేజీ కూడా తగ్గింది.

అప్పుడు గానీ కారుతో వచ్చిన మాన్యువల్ తెరవలేదు. అందులో స్పష్టంగా ఉంది: గ్రేడు 0డబ్ల్యూ-20, ప్రమాణం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ. గ్రేడులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఎస్‌పీ 2020లో వచ్చిన పెట్రోలు ఇంజిన్ల ప్రమాణం. పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ కారైతే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాలి. ఇది చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి.

పాత ఆయిల్ పూర్తిగా తీయించి, కొత్త ఫిల్టర్ వేయించాను. మాన్యువల్ చెప్పిన ఆయిలే, సీలు ఉన్న డబ్బాను నా కళ్లముందే తెరిపించి పోయించాను. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, కొన్ని నిమిషాలయ్యాక ఆయిల్ మట్టం చూసే కడ్డీని (డిప్‌స్టిక్) తుడిచి మళ్లీ ముంచి చూశాను. తేనెరంగు తడి రెండు గుర్తుల మధ్య నిలిచింది. ఉదయాల్లో ఆ బరువు ఇప్పుడు లేదు.

డబ్బా మీద కంపెనీ పేరు కన్నా గ్రేడు, ప్రమాణమే నాకు ముఖ్యం. బిల్లు మీద గ్రేడు, ప్రమాణం, పరిమాణం, తేదీ, తిరిగిన కిలోమీటర్లు రాయించి, వారంటీకి అవసరమైతే చూపించడానికి మాన్యువల్‌లోనే పెట్టాను.