ఏరు పొంగకముందే ఏం సర్దుకోవాలంటే

వంశధార పొంగాలంటే మన ఊళ్లో వాన పడక్కర్లేదు, ఒడిశా కొండల్లో కురిస్తే చాలు. అందుకే నేను మబ్బు చూడను. ఏటి మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్నో నంబరు వరద హెచ్చరిక ఇచ్చారో కనుక్కుంటాను. మొదటిది అనగానే పశువుల పలుపులు విప్పి మెట్టకి తోలెయ్యండి. కట్టేసిన గొడ్డు ఈదలేదు. విత్తనాల బస్తాలు అటక మీదికి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, మూతి మెలితిప్పి మడిచి కట్టాలి. ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మళ్లీ అలాగే. ఒక్క ముడి చాలదు. ఫోన్లకి ముందే ఛార్జింగ్ ఎక్కించండి. 2018లో తిత్లీ తుపానుకి కరెంటు స్తంభాలు ఎలా ఒరిగాయో పలాస వాళ్లనడగండి! బంగాళాఖాతం వేడెక్కుతోంది, తుపాన్లు చూస్తుండగానే ముదురుతున్నాయి. ఇల్లు వదిలేముందు కరెంటు మెయిన్ ఆపి కదలండి. వరద తీశాక నూతిలో బ్లీచింగ్ వేయించండి, నీళ్లు మరిగించే తాగండి. మంచం కింద చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, పాములుంటాయి.