ఫోనిక్స్‌తో ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలి? పొల్లు దగ్గర జాగ్రత్త

ఒకటో తరగతి పిల్లాడికి పిల్లి బొమ్మ, దాని కింద మాట చూపిస్తే "సీ ఏ టీ క్యాట్" అని గడగడా పాడేస్తాడు. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, మొదటి అక్షరం మార్చి, "ఇప్పుడు చదువు" అనండి. "ఆర్ ఏ టీ" అని ఆగి మీ మొహం చూస్తాడు. వాడికి అక్షరాల పేర్లు వచ్చు, శబ్దాలు రావు. ఆర్, ఏ, టీ అన్న పేర్లను ఎంత వేగంగా కలిపినా "ఆరేటీ" అవుతుందే తప్ప ర్యాట్ అవదు. అక్షరం పేరు పక్కనపెట్టి అది పలికే శబ్దం నేర్పడం, ఆ శబ్దాలు కలిపి మాట చదివించడం, ఇదే ఫోనిక్స్. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. మొదటి ఏడాది అన్నీ అక్కర్లేదు.

కావలసినవి

పలక, బలపం, స్కెచ్ పెన్ను, పాత శుభలేఖలు. శుభలేఖ వెనకవైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి అరచేతి సైజు ముక్కలు కోసి ఒక్కో దాని మీద ఒక్కో చిన్నబడి అక్షరం రాయండి. అచ్చులు ఎర్రగా, హల్లులు నల్లగా. పెద్దబడి తర్వాత. బొమ్మల చార్టులు కొనొద్దు, పిల్లలు అక్షరం వదిలేసి బొమ్మను చదువుతారు. పాఠం పొద్దున్నే పావుగంట చాలు. మధ్యాహ్న భోజనం తర్వాత పెడితే సగం మంది కునుకు తీస్తారు.

ఎప్పుడు, ఏ అక్షరాలతో

తెలుగు గుణింతం నోటికి రాకముందు ఇంగ్లీషు మాటలు కలిపించకూడదు. శబ్దాలు వినిపించండి, ఆడించండి, కానీ కలిపి చదవడం మాత్రం దసరా సెలవుల తర్వాతే. "పక్క కాన్వెంటులో ఎల్కేజీ పిల్లలే చదివేస్తున్నారండీ" అని తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. పడనివ్వండి. గుణింతం ఎందుకు ముందు రావాలో కింద చెబుతాను.

చాలామంది ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే వరసలో మొదలుపెడతారు. ఆరు అక్షరాలతోనే బోలెడు మాటలు తయారవుతాయని ఆ వరస పెట్టారు. మన పిల్లలకు అది పనికిరాదు. టీ, పీ శబ్దాలు సాగవు, పుట్టగానే ఆగిపోతాయి. సాగనిదాన్ని పక్క శబ్దంతో కలపడం కష్టం. ఎస్, ఎమ్, ఎన్, ఎఫ్, ఆర్, వాటితో పాటు యు తీసుకోండి. ఈ హల్లులన్నీ ఊపిరి ఉన్నంతసేపు సాగుతాయి, యు శబ్దం మన 'అ'కు దగ్గరగా ఉంటుంది. సన్, రన్, ఫన్ వెంటనే వచ్చేస్తాయి. రమ్ కూడా వస్తుంది, దాన్ని మీరే దాటెయ్యండి.

రెండో వారంలో ఏ. పిల్లలు తమ పేరు ఇంగ్లీషులో రాసుకునేటప్పుడు ఈ అక్షరాన్ని 'అ' కోసం వాడి ఉంటారు కాబట్టి ఇక్కడ కాస్త తికమక పడతారు. మేకను చూసి "మ్యాక" అనే పిల్లలే కదా మనవాళ్ళు! ఆ మొదటి అక్షరంలో వినిపించే అచ్చే మ్యాన్, ఫ్యాన్‌లో ఉంది, కాస్త పొట్టిగా పలకాలి, అంతే. ఆ శబ్దం కోసం ఫోన్లో వీడియోలు వెతకనక్కర్లేదు.

అసలు చిక్కు: కలపడం

ఎక్కడ చూసినా చెడగొట్టేది ఈ మెట్టే. టీచరు 'స, అ, న' అని చెప్పి కలపమంటారు. పిల్లాడు బుద్ధిగా "సఅన" అంటాడు. తప్పు వాడిది కాదు. తెలుగు హల్లులో 'అ' కలిసే ఉంటుంది, మనకు తెలియకుండానే నోరు దాన్ని చేర్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరం శబ్దం చెప్పేటప్పుడు ఆ 'అ' ఉండకూడదు. 'స' కాదు, 'స్'. 'మ' కాదు, పెదాలు మూసి 'మ్'. మన లిపిలో దీనికి పొల్లు ఉంది. బోర్డు మీద 'స', పక్కన 'స్' రాసి రెండూ పలికించండి. ఇంగ్లీషు దేశాల టీచర్లకు లేని సదుపాయం ఇది, మనవాళ్ళు వాడుకోరు.

ముందు మీ నోరు సరిచూసుకోండి. టీ, పీ, కే శబ్దాలు గుసగుసగా చెప్పాలి. గొంతు మీద చెయ్యి పెట్టుకుంటే అదరకూడదు, అదిరిందంటే 'అ' దూరినట్టే. 'స్' సాగదీయిస్తే తరగతంతా బుసలతో నిండిపోతుంది. మా కోనసీమలో తల్లి కువైట్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎక్కువ. అలాంటి ఒక అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "పాఠం చెబుతారనుకుంటే పాముల్ని ఆడిస్తున్నారేటండీ మేష్టారూ" అంది. ఆయ్, ఆడించాలి. సిగ్గుపడి మానేస్తే పని జరగదు.

ఇప్పుడు మూడు ముక్కలు వరసగా పెట్టి వేలు జరుపుతూ చదివించండి. ఒక శబ్దానికీ ఇంకోదానికీ మధ్య ఊపిరి ఆగకూడదు. "స్, అ, న్" అని విడివిడిగా చెప్పించి "ఇప్పుడు కలుపు" అంటే మూడోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు.

బీ, డీ, జీ వచ్చేసరికి ఈ పద్ధతి ఆగిపోతుంది. ఆ శబ్దాలను అచ్చు లేకుండా పలకడం పెద్దవాళ్ళకే కష్టం. అక్కడ గుణింతం పనికొస్తుంది. మొదటి రెండు ముక్కలు దగ్గరకు జరిపి, మూడోది దూరంగా పెట్టండి. బ్, అ కలిస్తే ఏమిటి? 'బ' అని ఠక్కున చెబుతారు, వాళ్ళకు తెలిసిన పనే. తర్వాత మూడో ముక్క జరపండి: బ, స్, బస్. అలాగే డి, గ్, డిగ్. మూడు శబ్దాల పని రెండుకు దిగుతుంది.

ఇక చివర చేరే 'ఉ'. బస్సు, పెన్ను, కప్పు అనడం మన మాట తీరు, తెలుగులో అదే ఒప్పు, కాబట్టి దాని మీద పిల్లల్ని కసరొద్దు. చదివేటప్పుడు మాత్రం చివరి శబ్దం దగ్గర అరచెయ్యి గుప్పిట మూయించండి. గుప్పిట మూస్తే శబ్దం కూడా ఆగాలి. కొన్నాళ్ళు పడుతుంది. ఈలోగా పది కొత్త అక్షరాలు నేర్పేద్దామని తొందరపడేవాళ్ళే తర్వాత మూడో తరగతిలో తలపట్టుకుంటారు.

వచ్చిందో లేదో చూడటం

తెలిసిన మాటలు చదివించి మురిసిపోకండి, బట్టీ అయి ఉండొచ్చు. అర్థం లేని మాటలు ఇవ్వండి: నఫ్, మ్యాఫ్, సిఫ్. ఇంగ్లాండులో 2012 నుంచి మొదటి తరగతి పిల్లలకు ఇలాంటి పరీక్షే పెడుతున్నారు. అందులో 40 మాటలుంటే సగం ఉత్తుత్తి మాటలే. మన దగ్గర అలాంటివి ఇస్తే "తప్పు మాటలు నేర్పుతున్నారు" అంటారు గానీ, ఆ పిల్లాడు నిజంగా చదువుతున్నాడని తెలిసేది అక్కడే.

వరదల్లో లంక గ్రామాల పిల్లలు రోజుల తరబడి రారు, సంక్రాంతికి అందరూ మర్చిపోతారు. తిరిగొచ్చాక ఆగిన చోటు నుంచి కాకుండా రెండు మెట్లు వెనక నుంచి ఎత్తుకోండి.

రెండక్షరాలు కలిసి ఒకే శబ్దమిచ్చేవి (షిప్‌లో ఎస్-హెచ్, చిన్‌లో సీ-హెచ్) మూడక్షరాల మాటలు తడుముకోకుండా చదివాకే. వాటిని ఒకే ముక్క మీద రాయాలి, లేకపోతే విడదీసి చదువుతారు. ద, వాజ్, సెడ్ లాంటి మాటలు రాసినట్టు పలకవు, వాటిని చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. వారానికి రెండుకు మించి ఇవ్వొద్దు, అవి కూడా వేరే రంగు అట్ట మీద.