పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొనేముందు ఆ ‘ఎల్’ చూడండి

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ ఆగింది కదా అని ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను పారేయకండి. 8 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ బదులు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే విండోస్ స్థానంలో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ హాయిగా నడుస్తుంది.

అయితే ర్యామ్ స్టిక్కర్ మీద ‘పీసీ3ఎల్-12800ఎస్’ అని ఉండాలి. ఆ ‘ఎల్’ అంటే 1.35 వోల్టులది. ‘ఎల్’ లేనిది 1.5 వోల్టులది; రెండిటికీ 204 పిన్నులే, స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ ఈ తరం మదర్‌బోర్డులు ఇచ్చేది 1.35 వోల్టులే కాబట్టి స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. బోర్డు పోయిందని కంగారు పడేది ఇక్కడే! షాపులో డబ్బులిచ్చే ముందే స్టిక్కర్ చదవండి.

బిగించేటప్పుడు ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీయండి. ర్యామ్‌ను ఏటవాలుగా, బంగారు రంగు గీతలు దాదాపు కనబడనంతవరకు లోపలికి నెట్టి, కిందికి నొక్కండి. రెండు వైపులా క్లిప్పులు టక్‌మనాలి. ఒకవైపే పడితే బీప్‌లు వస్తాయి, లేదా సగం ర్యామే కనిపిస్తుంది.

మింట్ ఎక్కించేముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను ఒక పాస్ (ఒక పూర్తి విడత) నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ వెనక్కి ఇచ్చేయండి.