డిఫర్ అన్నారు, మా అమ్మాయి తలుపేసుకుంది

డిసెంబరు మధ్యలో ఒక సాయంత్రం నేను పప్పుకి తాలింపు వేస్తుంటే మా అమ్మాయి వచ్చి "అమ్మా, డిఫర్ చేశారు" అని, గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఇక్కడ అమెరికాలో ఒక కాలేజీకి నవంబరు 1కి ఎర్లీ యాక్షన్‌లో (అందరికంటే ముందుగా అప్లై చేసే పద్ధతి) పంపిన నర్సింగ్ అప్లికేషన్ అది. కాదనలేదు, సీటూ ఇవ్వలేదు, తర్వాత మామూలు గడువుకి (రెగ్యులర్) అప్లై చేసేవాళ్లతో కలిపి మళ్లీ చూస్తారట. పెళ్లిచూపులకొచ్చి 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అన్నట్టే!

రెండు రోజులు నేనేమీ అడగలేదు. తర్వాత ఇద్దరం ఆ మెయిల్ నిదానంగా చదివితే కొత్త మార్కులు, ఒక ఉత్తరం పంపొచ్చని ఉంది (కొన్ని కాలేజీలు ఏమీ పంపొద్దంటాయి, ముందు అది చూసుకోండి). తను రాసిన మొదటి డ్రాఫ్టు నిండా 'చిన్ననాటి కల' గోలే. అదంతా కొట్టేయించి, అనాటమీలో వచ్చిన మార్కులు, ఇక్కడ న్యూజెర్సీలో సీఎన్ఏకి (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, నర్సులకు సహాయకులు) కావాల్సిన 90 గంటల శిక్షణలో చేరిన సంగతి, వృద్ధుల హోమ్‌లో ఎవరు పెట్టినా తినని ఒక పెద్దావిడ మా అమ్మాయి పెడితే సూప్ తాగడం, ఇవి రాయమన్నాను. ఒక్క పేజీ. అడ్మిషన్స్ ఆఫీసుకి నేనే ఫోన్ చేయబోతే మాత్రం "నువ్వొద్దమ్మా" అని లాక్కుంది, అదీ మంచిదే అయింది.

నిజంగా టెన్షన్ తగ్గించింది ఉత్తరం కాదు. జనవరిలోపు ఇంకో రెండు చోట్ల అప్లై చేసి, కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ) సంగతి కనుక్కున్నాం. అది చదివినవాళ్లూ రాసేది నర్సు లైసెన్సుకి అందరూ రాసే అదే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్ష అని తెలిశాక తను కడుపునిండా అన్నం తింది.

మార్చిలో ఆ డిఫర్ చేసిన కాలేజీ వెయిట్‌లిస్ట్ అంది. తర్వాత అప్లై చేసిన రెండిట్లో ఒకటి సీటిచ్చింది, మే 1 లోపే డిపాజిట్ కట్టేశాం.