మోల్ లెక్క తప్పిందా? ఎక్కడ తప్పిందో ఆ జవాబునే అడగండి

పదార్థం ఎంత ఉందో అందులోని కణాల సంఖ్యను బట్టి కొలిచే ప్రమాణం మోల్. దాని సాయంతో రసాయన చర్యలో ఎంత పదార్థం వాడితే ఎంత తయారవుతుందో లెక్కించేటప్పుడు జవాబు తప్పితే, చాలామంది మొత్తం కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేస్తారు. అదే పొరపాటు మళ్లీ అక్కడే పడుతుంది. కొట్టేసే ముందు ఆ తప్పు జవాబును కాస్త తీరిగ్గా చూడండి. సరిగ్గా రెట్టింపు వచ్చిందా? వెయ్యి రెట్లు తేడా ఉందా? కొంచెం అటూ ఇటూగా ఉందా? తేడా ఏ రకమో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

ప్రతి లెక్కకూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. చర్యలో ఖర్చయిన క్రియాజనకాల గ్రాములన్నీ కూడితే, ఏర్పడిన క్రియాజన్యాల గ్రాముల మొత్తంతో సమానం కావాలి. ద్రవ్యనిత్యత్వ నియమం అంటే ఇదే. అర నిమిషం పట్టే ఈ పనిని మోల్ పాఠం మొదలైన రోజే పిల్లలకు అలవాటు చేయాలని గట్టిగా నమ్ముతాను.

రెండు వైపులా గ్రాములు కలవడం లేదు

14 గ్రాముల నైట్రోజన్ నుంచి ఎంత అమ్మోనియా వస్తుంది? సమీకరణం ఇది:

1 నైట్రోజన్ + 3 హైడ్రోజన్ → 2 అమ్మోనియా

"ఒకటికి రెండు కదా" అని 28 గ్రాములు అనేస్తారు. అదే పద్ధతిలో హైడ్రోజన్ 42 గ్రాములు కావాలి. అంటే వాడింది 56 గ్రాములు, వచ్చింది 28. మిగతా సగం ఏమైనట్టు?

కారణం: గుణకాలను, అంటే పదార్థాల ముందున్న అంకెలను, గ్రాములకు వాడారు. సమీకరణంలోని గుణకాలు మోల్స్ నిష్పత్తిని మాత్రమే చెబుతాయి.

పరిష్కారం: ముందు గ్రాములను మోల్స్‌లోకి మార్చండి, నిష్పత్తి అక్కడ వాడండి, చివర్లో మళ్లీ గ్రాముల్లోకి రండి. ఒక మోల్ నైట్రోజన్ వాయువు బరువు, అంటే దాని మోలార్ ద్రవ్యరాశి, 28 గ్రాములు. 14ను 28తో భాగిస్తే 0.5 మోల్ నైట్రోజన్. దానికి 1 మోల్ అమ్మోనియా, అంటే 17 గ్రాములు. హైడ్రోజన్ 1.5 మోల్స్, అంటే 3 గ్రాములు. 14 + 3 = 17. కలిసింది.

మోల్స్‌లోనే చేసినా గ్రాములు కలవకపోతే సమీకరణం తుల్యం కాలేదేమో చూడండి. రెండు వైపులా ఒక్కో మూలకం పరమాణువులను వేలు పెట్టి లెక్కపెట్టాలి. తుల్యం చేయడానికి గుణకాన్నే మార్చాలి, ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకెను ముట్టుకోకూడదు. నీటి ఫార్ములాలో ఇంకో ఆక్సిజన్ చేర్చారంటే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్.

సరిగ్గా రెట్టింపు, లేదా సరిగ్గా సగం

దీనికి మామూలుగా రెండు కారణాలు. మొదటిది, ఆక్సిజన్ వాయువుకు 32 బదులు 16 వేయడం. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ వాయువులు జంట పరమాణువులతో ఉంటాయి. 48.6 గ్రాముల మెగ్నీషియం, అంటే 2 మోల్స్, పూర్తిగా మండాలంటే 1 మోల్ ఆక్సిజన్, 32 గ్రాములు కావాలి. 80.6 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్ వస్తుంది. 16 వేస్తే మొత్తం 64.6 దగ్గరే ఆగిపోతుంది.

రెండోది, గుణకాన్ని రెండుసార్లు వాడటం. సమీకరణంలో "2 నీరు" అని ఉంది కాబట్టి నీటి మోలార్ ద్రవ్యరాశి 36 అనుకుంటారు, మళ్లీ నిష్పత్తిలోనూ 2 వేస్తారు. 4 గ్రాముల హైడ్రోజన్‌కు 36 గ్రాముల నీరు రావాల్సింది 72 అవుతుంది. గుణకం ఎంత ఉన్నా నీటి మోలార్ ద్రవ్యరాశి 18 మాత్రమే.

వెయ్యి రెట్ల తేడా

మిల్లీలీటర్లను లీటర్లు చేయడం మర్చిపోయారు. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్ ఉన్న) ద్రావణం 250 మి.లీ. తీసుకుంటే అందులో ఉన్నది 0.025 మోల్, 25 మోల్స్ కాదు.

రెండు క్రియాజనకాల బరువులూ ఇచ్చారు, ఒక్కోదాంతో ఒక్కో జవాబు వస్తోంది

ఎక్కువమందికి టెన్షన్ పెట్టే లెక్క ఇదే. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిపి మండిస్తే ఎంత నీరు వస్తుంది? హైడ్రోజన్‌తో చేస్తే 90 గ్రాములు, ఆక్సిజన్‌తో చేస్తే 72. కొందరు రెండూ కూడేస్తారు, కొందరు సగటు తీస్తారు. ఇంకొందరు "హైడ్రోజన్ తక్కువ గ్రాములుంది, అదే ముందు అయిపోతుంది" అని 90 రాస్తారు. కానీ వాడింది మొత్తం 74 గ్రాములే, 90 ఎలా వస్తుంది?

ముందు అయిపోయే పదార్థాన్ని, అంటే లిమిటింగ్ రీజెంట్‌ను, గ్రాములు చూసి చెప్పలేం. మోల్స్ ఏది తక్కువో చూసినా చాలదు. ప్రతి క్రియాజనకం మోల్స్‌నూ దాని గుణకంతో భాగించాలి. ఇక్కడ హైడ్రోజన్ 5 మోల్స్, గుణకం 2, కాబట్టి 2.5. ఆక్సిజన్ 2 మోల్స్, గుణకం 1, కాబట్టి 2. చిన్న అంకె ఆక్సిజన్‌ది, కాబట్టి ముందు అయిపోయేది ఆక్సిజనే. దాంతో చేస్తే 4 మోల్స్ నీరు, 72 గ్రాములు. అందుకు ఖర్చయిన హైడ్రోజన్ 4 మోల్స్, మిగిలింది 1 మోల్, 2 గ్రాములు. 72 + 2 = 74.

ఈ ఉదాహరణలో మోల్స్ తక్కువున్నదే లిమిటింగ్ అయింది కాబట్టి భాగించడం ఎందుకు అనిపించవచ్చు. అమ్మోనియా చర్యకు 2 మోల్స్ నైట్రోజన్, 5 మోల్స్ హైడ్రోజన్ తీసుకుని చూడండి. నైట్రోజన్‌కు 2, హైడ్రోజన్‌కు 5/3, అంటే దాదాపు 1.67. మోల్స్ ఎక్కువున్న హైడ్రోజనే ముందు అయిపోతుంది, 3.33 మోల్స్ అమ్మోనియా వస్తుంది. భాగహారం మీద నమ్మకం కుదరకపోతే రెండింటితోనూ క్రియాజన్యం లెక్కగట్టి తక్కువ వచ్చినది తీసుకోండి. కొంచెం పొడుగు దారి, కానీ ఫలితం అదే.

వాయువు ఘనపరిమాణం కలవడం లేదు

ఒక మోల్‌కు 22.4 లీటర్లు అనే సంఖ్య 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరే చెల్లుతుంది, అదీ వాయువులకే. 25 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా విడిపోతే 0.25 మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పై పరిస్థితుల్లో అది 5.6 లీటర్లు, అదే పీడనంలో 25 డిగ్రీల దగ్గర సుమారు 6.1 లీటర్లు. మీ పుస్తకంలో జవాబు 5.7 అని ఉంటే కంగారు పడకండి. 1982 నుంచి రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ప్రామాణిక పీడనంగా 1 బార్ తీసుకుంటోంది, అప్పుడు ఒక మోల్‌కు 22.7 లీటర్లు. నీరు ద్రవంగా ఉన్నప్పుడు ఈ సంఖ్యలేవీ పనికిరావు. ఒక మోల్ ద్రవజలం దాదాపు 18 మి.లీ. మాత్రమే.

చివరి అంకెలో తేడా

క్లోరిన్‌కు మీరు 35.5, పుస్తకం 35.45 తీసుకుని ఉండొచ్చు. అంకెలను మధ్యలో సవరించకుండా (రౌండ్ చేయకుండా) చివర్లో ఒక్కసారే సవరించండి.

కాగితం మీద సరిగ్గా ఉంది, ల్యాబ్‌లో కుదరలేదు

చాలా తక్కువ వచ్చిందంటే తూచిన పదార్థం ఏ రూపంలో ఉందో సీసా మీద చదవండి. నీలం రంగు కాపర్ సల్ఫేట్ స్ఫటికాల్లో ఐదు అణువుల స్ఫటికజలం ఉంటుంది కాబట్టి దాని మోలార్ ద్రవ్యరాశి 249.7, అనార్ద్ర (స్ఫటికజలం లేని) రూపానిది 159.6. 0.1 మోల్ కోసం 16 గ్రాముల నీలం స్ఫటికాలు తూస్తే చేతికి వచ్చేది 0.064 మోలే.

దిగుబడి నూరు శాతం దాటిందంటే పదార్థం నిజంగా ఎక్కువ రాలేదు, దాంతో ఇంకేదో కలిసి ఉంది. 1.70 గ్రాముల సిల్వర్ నైట్రేట్‌కు ఉప్పు ద్రావణం ఎక్కువగానే కలిపితే 1.43 గ్రాముల సిల్వర్ క్లోరైడ్ రావాలి. 1.60 వచ్చిందనుకోండి, అది 112 శాతం. అవక్షేపం, అంటే ద్రావణం నుంచి విడిపోయిన ఈ ఘనపదార్థం, తడిగా ఉంది, లేదా సరిగ్గా కడగకపోవడం వల్ల లవణాలు అంటుకుని ఉన్నాయి. లెక్కను దిద్ది అంకెలు కలపడానికి ప్రయత్నించకండి. అవక్షేపాన్ని మళ్లీ కడిగి, వెలుతురు తగలకుండా ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్రలో) చల్లార్చి తూచండి. వరుసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఆరబెట్టడం, తూచడం కొనసాగించండి.