వైకల్యం క్లెయిమ్ కాదన్నారా? ముందు ఆ లేఖలో క్లాజు చూడండి

సమస్య: ప్రమాదంలో చెయ్యో కాలో పోయింది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంది. క్లెయిమ్ పెడితే తిరస్కరించినట్టు లేఖ వచ్చింది.

కర్నూలులో నా దగ్గరికి ఇట్లా వచ్చేవాళ్ళలో చాలామంది లేఖను మడిచి జేబులో పెట్టుకొని, నెలల తరబడి ఏజెంటు చుట్టూ తిరిగి వస్తారు. చదివినారా అంటే "ఇంగ్లీషులో ఉంది సార్" అంటారు. దయచేసి ఎవరితోనైనా చదివించుకోండి. ఏ క్లాజు కింద కాదన్నారో అందులోనే ఉంటుంది. మీ చేతిలోని ఒక పేజీ బీమా సర్టిఫికెట్టు చాలదు, నిబంధనలన్నీ ఉన్న పాలసీ కాపీ అడిగి తీసుకోండి. గ్రూపు పాలసీ అయితే యజమానినో బ్యాంకునో అడగాలి.

ప్రధానమంత్రి సురక్షా బీమా వాళ్ళయితే పాస్‌బుక్ తీయండి. బీమా జూన్ 1 నుంచి మే 31 వరకు. ఆ ఏడాది 20 రూపాయలు ఖాతాలో కట్ కాకపోయి ఉంటే క్లెయిమ్ నిలవదు.

అసలు మెలిక: సర్టిఫికెట్ మీది తేదీ

చాలా పాలసీల్లో ఒక షరతు ఉంటుంది: ప్రమాదం జరిగిన 12 నెలల లోపు వైకల్యం ఏర్పడాలి. మనవాళ్ళు సదరం సర్టిఫికెట్‌ను (ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) పింఛను కాగితంగానే చూస్తారు. గాయం మానాక, స్లాటు దొరికాక తీరిగ్గా బోర్డు ముందుకు పోతారు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి 2022 జూన్‌లో మిషన్‌లో చెయ్యి పడి మణికట్టు దాకా తీసేశారనుకోండి. సదరం చేతికొచ్చింది 2023 సెప్టెంబర్‌లో. కంపెనీ ఆ తేదీ పట్టుకొని "12 నెలలు దాటాక ఏర్పడిన వైకల్యం" అని రాసేస్తుంది. చెయ్యి పోయింది ఆపరేషన్ రోజున. సర్టిఫికెట్ దాన్ని తర్వాత ధ్రువీకరించింది, అంతే. షరతు అడిగేది వైకల్యం ఎప్పుడు ఏర్పడిందని, కాగితం ఎప్పుడొచ్చిందని కాదు.

పరిష్కారం: ఆపరేషన్ తేదీ ఉన్న డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకోండి. అవయవం తీసేసిన కేసుకు అదే గట్టి ఆధారం. వెన్నుపూస, నరాల దెబ్బలకు కొంచెం కష్టపడాలి: మొదటి ఏడాది ఓపీ చీటీలు, స్కాన్ రిపోర్టులు అన్నీ వరుసగా పెట్టి, వైద్యం చేసిన డాక్టరుతో "ఫలానా తేదీ నుంచి ఈ కాలు పనిచేయడం లేదు, ఇక తిరిగి రాదు" అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. చీటీలు పోతే పెద్దాసుపత్రి రికార్డు సెక్షన్‌లో అర్జీ పెట్టండి. సర్టిఫికెట్ మీద తేదీ మాత్రం దిద్దకండి, గెలిచే కేసు కూడా పోతుంది.

సర్టిఫికెట్‌లో "తాత్కాలికం" అని ఉంటే మళ్ళీ బోర్డు ముందుకు పోయి "శాశ్వతం" అని వచ్చాకే వాదించాలి.

ప్రమాదం సంగతి ఆలస్యంగా చెప్పారని కంపెనీ కాదంటే, ఆలస్యానికి కారణం సరైనదైతే అదొక్కటే చూపి నిజమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లో సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని ఉదహరించండి. మందు తాగి ఉన్నాడని, పాత జబ్బని రాసేవి నాకు తక్కువే తగిలాయి. అవి వస్తే వకీలును చూసుకోండి.

ఎక్కడ పెట్టాలి

మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా, ఆధారాలతో. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా ఓంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి). ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు. గడువు ఏడాది. తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కాదు. అందుకే నేను ముందు ఇక్కడికే పంపుతాను.

వినియోగదారుల కమిషన్‌కు గడువు 2 ఏళ్ళు. కంపెనీకి మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు రాసినంత మాత్రాన అది పెరగదు. అక్కడ కేసు నడుస్తుంటే ఓంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి రెండూ ఒకేసారి వేయకండి. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉందని వెనక్కి తగ్గొద్దు: 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.