బ్లెండర్‌లో తుది రెండర్‌కు ముందు జాగ్రత్తలు

బ్లెండర్ అంటే 3డీ బొమ్మలు, యానిమేషన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్. అందులో సిద్ధం చేసిన దృశ్యాన్ని చిత్రంగానో వీడియోగానో మార్చడమే రెండర్.

• పని మొదలుపెట్టిన వెర్షన్‌లోనే ముగించండి. ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండే) వెర్షన్‌కు 2 ఏళ్లపాటు సవరణలు అందుతాయి కాబట్టి నెలల తరబడి సాగే పనికి అదే మేలు.

• బ్లెండర్ జీపీఎల్ లైసెన్సుతో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్. దానితో మీరు గీసినది మీదే, నిశ్చింతగా అమ్ముకోవచ్చు. బయటి నుంచి తెచ్చుకున్న మోడళ్లు, టెక్స్చర్ల (మోడల్ ఉపరితలంపై పరిచే చిత్రాల) సంగతి వేరు. వాటి క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సు చూడండి: సీసీ0 అయితే షరతులు లేవు, సీసీ బై అయితే కర్త పేరు చెప్పాలి, ఎన్‌సీ అని ఉంటే వాణిజ్య పనికి వాడకూడదు. ఈ తనిఖీని దయచేసి చివరి రోజుకు వదిలేయకండి.

• కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశారా, అంటే వస్తువు సైజులో చేసిన మార్పును ఖరారు చేశారా? లేకపోతే బెవెల్ (పదును తగ్గించిన) అంచులు అసమానంగా వస్తాయి.

• యానిమేషన్‌ను నేరుగా వీడియోగా రెండర్ చేయవద్దు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మధ్యలో కరెంటు పోతే వీడియో ఫైలు మొత్తం పాడైపోవచ్చు. పీఎన్‌జీ లేదా ఈఎక్స్‌ఆర్ చిత్రాలుగా ఒక్కో ఫ్రేమును విడిగా రాయిస్తే ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు, చెడిన ఫ్రేమును మాత్రమే మళ్లీ తీయవచ్చు.

• ఫైలు వేరే కంప్యూటర్‌కు వెళ్తుంటే టెక్స్చర్లను అందులోనే ప్యాక్ చేయండి. దొరకని టెక్స్చర్ ఉన్నచోట ముదురు గులాబీ రంగు కనిపిస్తుంది.

• తక్కువ శాంపిళ్లతో (ఒక్కో పిక్సెల్‌కు చేసే కాంతి లెక్కలు తగ్గించి) అక్కడక్కడి ఫ్రేములు ముందుగా తీసి చూడండి.